ఇంటింటికో మట్టిపొయ్యి

1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ వాళ్ళు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిళ్లు అని చెప్పుకోవచ్చు. రాసినాయన డాక్టర్ ఎస్.పి. రాజు. వంటల మనిషేం కాదు, హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీస్‌లో పనిచేసిన ఇంజనీరు. నీళ్లూ కట్టడాలూ చూసుకునే ప్రయోగశాల నుంచి మట్టిపొయ్యి మీద పుస్తకం రావడమే నాకు ముందు వింతగా అనిపించింది. ఆ పొయ్యికి ప్రయోగశాల పేరులోని పొడి అక్షరాలే పేరయ్యాయి, ‘హెర్ల్ చుల్హా’ అని. పొగ, మసి, సెగ, కట్టె దండుగ, నిప్పు భయం – ఈ ఐదింటి నుంచి వంటచేసే ఆడవాళ్లకు స్వేచ్ఛ రావాలని రాజుగారి ఆలోచన. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లే. స్వేచ్ఛ అన్న మాటను వంటింటి దాకా తీసుకొచ్చి, అందులోనూ మసి గిన్నెల దాకా తీసుకొచ్చి వాడిన ఇంజనీరు మన హైదరాబాదులో ఉండేవాడంటే నాకు చాలా ఇష్టంగా అనిపించింది.

డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు పాత రూపం ‘ప్రొయ్యి’ అని నేర్చుకున్నాం. రేఫ పోయి పొయ్యి మిగిలింది. మాట అంత పాతది. సామెతలూ దానికి తగ్గట్టే ఉన్నాయి. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట్లో ఇంకా వంట మొదలవలేదని. ఇంటింటికో మట్టిపొయ్యి అంటే ఎవరి ఇంటి కష్టం వాళ్లకుంటుందని. ఈ రెండో సామెతను అక్షరాలా అదే అర్థంలో కూడా చదవొచ్చునని ఈ పొయ్యిల చరిత్ర తిరగేసిన తర్వాత నాకనిపించింది. నిజంగానే ఏ ఇంటి పొయ్యి ఆ ఇంటిదే. ఆ ఇంటి కుండల సైజు, ఆ ఊళ్లో దొరికే కట్టె, ఆ ఇల్లాలి చేతివాటం, వీటన్నిటినీ బట్టి పొయ్యి తయారవుతుంది. పొగలేని పొయ్యిల కోసం పట్టణాల నుంచి వచ్చినవాళ్లకు ఈ సంగతి ఒంటబట్టడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ముందు పొగ సంగతి. పొగంటే ఏదో కట్టెలోంచి వచ్చే తప్పనిసరి దుర్గుణం అనుకుంటాం గానీ, అసలు పొగంటే పూర్తిగా కాలకుండా పోయిన కట్టే. కట్టె వేడెక్కగానే అందులోంచి ఆవిర్లు వస్తాయి. వాటికి సరిపడా గాలి, సరిపడా వేడి అందితే మంటవుతాయి, అందకపోతే పొగవుతాయి. పచ్చికట్టె పెడితే పొగ ఎక్కువ రావడానికి అదే కారణం. నీరు ఇగరడానికే వేడంతా పోతుంది. ఊదుగొట్టంతో మనం ఊదేది ఆ లోటు గాలినే. మూడు రాళ్ల పొయ్యిలో కాలిన కట్టె వేడిలో గిన్నెకు చేరేది సుమారుగా పదోవంతు. మిగతాది పక్కల నుంచి గాలిలోకి, కింద నేలలోకి, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మీదికి పోతుంది. మన మట్టిపొయ్యి మూడు రాళ్ల కంటే నయం, పక్కలు మూసి ఉంటాయి కాబట్టి. మూడు పొయ్యిగడ్డల మీద కుండ కూర్చుంటే ఆ గడ్డల సందుల్లోంచి మంటా పొగా బయటికొస్తాయి. సందు మరీ తక్కువైతే మంట ఊపిరాడక ఆరిపోతుంది, మరీ ఎక్కువైతే వేడి కుండను అంటకుండానే వెళ్లిపోతుంది. పొయ్యి వేయడంలో ఉన్న నేర్పంతా ఆ సందులోనే ఉంది. అది తెలిసినవాళ్లు మన అమ్మమ్మలు, నాయనమ్మలు. చదువుకున్నవాళ్లు దానికి ‘సంప్రదాయ పొయ్యి’ అని ఒక్క పేరు పెట్టి, అన్నీ ఒకటే అన్నట్టు ఒక గంపకింద వేశారు.

పాలు కాచుకునే దాలినే చూడండి. గుంటలో పిడకలు పేర్చి నిప్పు రాజేసి పాలకుండ పెడితే, మంట లేకుండా సాయంత్రం దాకా సన్నగా కాగుతూనే ఉంటాయి. ఆ పాలమీద కట్టే ఎర్రటి మీగడ రుచి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తక్కువ నిప్పుతో ఎక్కువసేపు వండాలంటే గాలిని తగ్గించాలన్న సూత్రం దాలి తవ్వినవాళ్లకు తెలుసు. వాళ్లకు తీరని సమస్య పొగ ఒక్కటే.

రాజుగారి కంటే ముందే వార్ధాలో ఈ పని మొదలైంది. గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి జె.సి. కుమారప్పకు అప్పగించారు. అది నడిచిన చోటు మగన్‌వాడి, గాంధీగారి బంధువూ సహచరుడూ అయిన మగన్‌లాల్ పేరుమీద. అక్కడ 1940లలో తయారైంది మగన్ చుల్హా. హెర్ల్ చుల్హా కూడా ఆ వరసలోదే. నిప్పు ఒక్కచోటే పెడతారు. మట్టితో కట్టిన దిమ్మె లోపల సొరంగంలాంటి దారి ఉంటుంది. దిమ్మె పైన వరసగా కన్నాలు. మొదటి కన్నం కింద మంట, తర్వాతి కన్నాల కింద వేడిగాలి, చివర గోడవారగా పైకప్పు దాటి వెళ్లే పొగగొట్టం. పొగగొట్టం వేడెక్కితే గాలిని పైకి లాగుతుంది, ఆ లాగుడుకు పొయ్యినోట్లోంచి కొత్తగాలి లోపలికి వస్తుంది. ఊదుగొట్టంతో పనిలేదు. ఒక నిప్పుమీదే అన్నం, పప్పు, వేన్నీళ్లు. అన్నీ మట్టే, పొగగొట్టం కూడా కుమ్మరి చేసిచ్చే మట్టిగొట్టమే అయినా చాలు.

1952లో సమష్టి అభివృద్ధి పథకం మొదలయ్యాక గ్రామసేవికలు ఊరూరా తిరిగి నేర్పిన పనుల్లో ఈ పొగలేని పొయ్యి ఒకటి. అది ఊళ్లలో ఎందుకు నిలవలేదో ఊహించడం కష్టం కాదు. వంట ఒక్కటే ఉన్న పూట మిగతా కన్నాలు ఏం చేయాలి? మూయకపోతే పొగంతా అందులోంచే వస్తుంది. గిన్నె కన్నానికి సరిపోవాలి, లేకపోతే పక్కసందులోంచి పొగ. కట్టె పొయ్యినోటికి సరిపడా చిన్నగా కొట్టుకోవాలి, గొడ్డలి ఎత్తేదెవరు? తాటాకు కప్పులోంచి పొగగొట్టం పోవాలంటే కప్పుకు కన్నం పెట్టాలి. వానొస్తే ఆ కన్నంలోంచి నీళ్లు, ఎండాకాలం ఒక్క రవ్వ ఎగిరితే కొంప అంటుకుంటుందన్న భయం. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వెనక్కి తన్నుతుంది. పైగా పొగ వల్ల తాటాకుకు పురుగు పట్టదని, గింజలకు తెగులు రాదని పెద్దవాళ్ల నమ్మకం, అందులో కొంత నిజమూ ఉంది.

అప్పట్లో పొయ్యి మార్చడానికి చెప్పిన కారణం ఆడమనిషి కష్టం. ఇరవై ఏళ్లకు ఆ కారణం మారిపోయింది. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాయి. 1975లో ఎరిక్ ఎక్‌హోమ్ అనే అమెరికన్, పేదదేశాల అసలు ఇంధన సంక్షోభం వంటచెరకుదే అని రాశాడు. అంతే, ప్రపంచంలో అడవులన్నీ వంటపొయ్యిల్లోకే పోతున్నాయన్నట్టు మాట్లాడటం మొదలైంది. పల్లెల్లో వంటకు వాడేది ఎక్కువగా ఏరుకొచ్చిన పుల్లలు, కంప, కందికట్టె, పత్తికట్టె, పిడకలు అని తర్వాత సర్వేల్లో తేలింది. చెట్టు నరికి పప్పు వండుకునే ఇల్లు ఎన్నని! కానీ ఈలోగా పొయ్యి లక్ష్యం కట్టె ఆదా అయిపోయింది, పొగ వెనక్కి పోయింది. డబ్బు వచ్చింది మాత్రం అప్పుడే.

ఆ రోజుల్లో బాగా పేరొచ్చిన పొయ్యి మనది కాదు, గ్వాటెమాలాది. 1976 ఫిబ్రవరిలో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్లు మళ్లీ కట్టుకునే పనిలో లోరెనా అనే పొయ్యి పుట్టింది. వాళ్ల స్పానిష్ భాషలో లోదో అంటే బురద, అరేనా అంటే ఇసుక, రెండూ కలిపి లోరెనా. బంకమన్నూ ఇసుకా కలిపి పెద్ద దిమ్మెలా కట్టి, లోపల చెంచాతోనూ కత్తితోనూ దారులు తొలిచేవాళ్లు. ఊళ్లో దొరికే మట్టితో, పైసా ఖర్చు లేకుండా, ఎవరికివారు కట్టుకోవచ్చు. కట్టె సగం మిగులుతుందని ప్రచారం. తర్వాత కొలిచి చూస్తే చాలాచోట్ల మిగలలేదు సరికదా, మూడు రాళ్ల పొయ్యి కంటే ఎక్కువే కాలిందని తేలింది. కారణం మట్టి మందం. అంత దిమ్మె వేడెక్కేదాకా నిప్పు వేడి మట్టే తాగేస్తుంది, గిన్నెకు మిగిలింది అందుతుంది. మట్టి వేడిని ఆపుతుందని అనుకున్నారు, అది దాచుకుంటుంది. చలిదేశంలో ఇల్లు వెచ్చగా ఉంటుందేమో గానీ అన్నం ఆలస్యమవుతుంది. మన పాత పొయ్యి గోడలు అంత పలచగా ఎందుకుంటాయో నాకు ఇది చదివాకే అర్థమైంది.

లెక్కప్రకారం చేసినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డిగారు 1974లో ఆస్త్ర అనే విభాగం మొదలుపెట్టారు, పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం. అక్కడ తయారైన మూడు గిన్నెల పొయ్యిని ఆస్త్ర ఒలె అన్నారు. కన్నడంలో ఒలె అంటే పొయ్యి. నిప్పుగూటికి మూత, కట్టె కింద జల్లెడలా ఇనుప చట్రం, గాలికి కొలిచి పెట్టిన దారి. ప్రయోగశాలలో నూటికి నలభై దాటి వేడి గిన్నెలకు చేరింది. మామూలు పొయ్యి పదితో పోలిస్తే నాలుగింతలు. కొలత తప్పకుండా కట్టాలి కాబట్టి అచ్చులు వాడి కట్టించేవాళ్లు. ఆ కొలతకు సరిపడే గిన్నెలు అందరిళ్లలో ఉండాలి మరి.

ఇక నాడా. ఇది ఊరిపేరు, హర్యానాలో శివాలిక్ కొండల కింద, చండీగఢ్ దగ్గర. 1980 ప్రాంతంలో మధు సరీన్ అనే ఆర్కిటెక్టు అక్కడి ఆడవాళ్లతో కలిసి పొయ్యి మీద పనిచేశారు. వాళ్లు ఏం వండుతారు, ఏ గిన్నెలో, రొట్టె ఎక్కడ కాలుస్తారు, కూర్చుని వండుతారా, ఇలాంటివి అడిగి, కట్టి, బాగాలేకపోతే పగలగొట్టి మళ్లీ కట్టారు. మట్టి, తరిగిన గడ్డి, పేడ, ఇంతే సరుకు. రెండో గిన్నె కింద సొరంగంలో మట్టితోనే ఒక మెట్టులాంటి అడ్డు పెట్టారు, వేడిగాలి తిన్నగా పారిపోకుండా పైకి లేచి గిన్నెను తాకేలా. నా దృష్టిలో ఆవిడ చేసిన పెద్ద పని ఆ అడ్డు కాదు. పొయ్యి కట్టే శిక్షణ ఆ ఊరి ఆడవాళ్లకే ఇచ్చారు. ఏ కొలత ఇల్లాలి ఇష్టానికి మార్చొచ్చు, ఏది మారిస్తే పొయ్యి చెడిపోతుంది అన్నది వాళ్లకు నేర్పారు. అలా నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి పొయ్యిలు కట్టి కూలి తెచ్చుకున్నారు. ఇంటింటికో మట్టిపొయ్యి అన్న సామెతను ఇంజనీరింగులో పెట్టింది నాడానే.

1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. కట్టడం మట్టిపొయ్యి అయితే కనీసం నూటికి ఇరవై వంతుల వేడి గిన్నెకు చేరాలని షరతు. 2002లో కార్యక్రమాన్ని ఆపి రాష్ట్రాలకు వదిలేసేలోపు సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టినట్టు లెక్క. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ కట్టారు, ‘పొగరాని పొయ్యి’ అంటే నా వయసు వాళ్లలో పల్లెతో సంబంధమున్న అందరికీ గుర్తుంటుంది. ఏటా ఇన్ని కట్టాలని జిల్లాలవారీగా లక్ష్యాలు, పొయ్యికింత అని కట్టినవాళ్లకు కూలి, సబ్సిడీ. లెక్క కట్టిన పొయ్యిలది, వెలిగిన పొయ్యిలది కాదు. మధు సరీన్ స్వయంగా ఈ లక్ష్యాల పరుగును తప్పుపట్టారు. కట్టి వెళ్లినవాళ్లు మళ్లీ రాకపోతే, పగులు వచ్చినప్పుడు ఏ మట్టి పెట్టాలో, లోపలి అడ్డు విరిగితే ఎలా కట్టాలో ఇంట్లోవాళ్లకు తెలియదు.

మా అత్తయ్యను అడిగాను. అద్దంకి దగ్గర పల్లె వాళ్లది. ఆ రోజుల్లో వాళ్లింట్లోనూ ఒకటి కట్టారట, రెండు కన్నాలది, సిమెంటు గొట్టంతో.

“అన్నం బానే ఉడికేది అమ్మాయ్. పొగ కూడా తగ్గిందిలే. సంకటి దగ్గరే వచ్చింది చిక్కు. తెడ్డు వేసి గట్టిగా గెలికితే కుండ తిరిగిపోయేది. కాళ్లతో అదిమి పట్టుకుందామంటే దిమ్మె అడ్డం.”

“మరేం చేశారు అత్తయ్యా?”

“పై అంచు కొట్టేసి నా గడ్డలు నేను పెట్టుకున్నా. గొట్టం ఉంచేశా. మీ మామయ్య అరిచారు, గవర్నమెంటుది పాడుచేశావని. నేను వండుకునేదాన్ని, నా పొయ్యి కాదూ?”

ఇంజనీర్ల లెక్కలో అది పాడైన పొయ్యే. గడ్డలు పెట్టగానే సందులు వచ్చాయి, లాగుడు తగ్గింది, కొంత పొగ తిరిగొచ్చింది. అత్తయ్య లెక్కలో సంకటి కుదిరింది. ఈ రెండు లెక్కలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న ఊళ్లు తక్కువ.

పొగ మళ్లీ ముఖ్యమైంది కొలవడం మొదలుపెట్టాక. 1981లో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మనదేశపు సహచరులతో గుజరాత్ పల్లెల్లో వంటచేస్తున్న ఆడవాళ్లకు చిన్న పరికరాలు తగిలించి వాళ్లు పీల్చే గాలిని కొలిచారు. పెద్ద నగరాల్లో రోడ్ల మీద ఉండే కాలుష్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. దగ్గు, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, పసిపిల్లలకు న్యుమోనియా, ఇవన్నీ కట్టెల పొగతో ముడిపడి ఉన్నాయని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కంట్లో శుక్లాలతో కూడా సంబంధం ఉందన్నాయి. మా అమ్మమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అది ఆమె కళ్ల రంగే అని మేం పిల్లలం అనుకునేవాళ్లం.

ఒడిశాలో గ్రామ్ వికాస్ అనే సంస్థ పల్లెల్లో పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిలు కట్టించినప్పుడు ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా అనే ఆర్థికవేత్తలు వాటిని కొన్నేళ్లపాటు పరిశీలించారు. డఫ్లో 2019లో నోబెల్ అందుకున్న ఆవిడే. మట్టీ, శ్రమా, కొద్ది డబ్బూ ఇంటివాళ్లవి. మొదటి ఏడు వంటమనిషి పీల్చే పొగ తగ్గింది. తర్వాతి ఏళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఆరోగ్యంలోనూ కట్టె ఖర్చులోనూ మార్పు లేదు. పొయ్యిలు సరిగా వాడలేదు, బాగు చేసుకోలేదు అని తేల్చారు. బాగు చేసుకోవడం అంటే ఏమిటో వివరంగా చెప్పాలంటే, గొట్టం దులపాలి, పగుళ్లు పూడ్చాలి, నోరు అలకాలి, వాడని కన్నం మూయాలి. రోజూ నీళ్లు మోసి, పేడ తీసి, కూలికి వెళ్లొచ్చిన మనిషి చేయాల్సిన పనులు అవి. పొయ్యి ఆమె పని తగ్గిస్తుందని చెప్పి తెచ్చి, ఆమె పనుల జాబితాకు ఇంకో నాలుగు కలిపారు. గొట్టం దులపడానికి మగవాళ్లు కప్పెక్కవచ్చునని ఏ నివేదికలోనైనా ఎవరైనా రాస్తే బాగుండేది.

ఇక గ్యాసు కథ మీకు తెలిసిందే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటికీ ఉజ్వల. ముప్పై ఏళ్లకు పైగా పొయ్యిల పొగ కొలిచిన కిర్క్ స్మిత్ కూడా చివరికి గ్యాసూ కరెంటే మేలన్నారు. ఉన్న కట్టెపొయ్యిని శుభ్రం చేయడం కంటే శుభ్రంగా ఉన్నదాన్ని అందరికీ అందించడమే దారి అని ఆయన వాదన. నేనూ ఒప్పుకుంటాను. మట్టిపొయ్యి మీద వండిన కూర రుచే వేరు అని ఫంక్షన్లలో నిట్టూర్చేవాళ్లు ఒక్క వానాకాలం తడికట్టెతో మూడుపూటలా వండాలి. అయినా సిలిండరు కొన్నా మట్టిపొయ్యి తీయని ఇళ్లు ఊళ్లలో ఎన్నో. వేన్నీళ్లకు, గొడ్లకు కుడితి కాయడానికి, పెళ్లికో పండక్కో పెద్ద వంటకు, సిలిండరు నిండుకున్న వారంలో అన్నానికి అదే ఆధారం. ఆ పొయ్యి వేసేది ఇప్పటికీ ఇంటి ఆడవాళ్లే, దానిగురించి ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు.

అందుకని మా అత్తయ్య కొలతలు ఇక్కడ రాస్తున్నాను, అవసరమైనవాళ్లు తీసుకోండి. పుట్టమన్ను రెండు తట్టలు, ఊక ఒక తట్ట, పేడ అర తట్ట. రాళ్లు లేకుండా చిదిపి రెండు రోజులు తడిపి ఉంచి కాలితో తొక్కాలి. ముద్ద చేసి వదిలితే జారకూడదు, వేలితో నొక్కితే పగలకూడదు. గోడ మందం బెత్తెడు, అంతకు మించొద్దు. లోపలి ఎత్తు జానెడు, నోరు కింద వెడల్పు, పైన కురచ. కుండను ముందు మీద పెట్టి చూసి, దాని చుట్టుకొలతకే పై అంచు తీర్చాలి. గడ్డలు మూడు, కుండకూ అంచుకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. ఎండలో కాదు, నీడలో వారం ఆరాలి. మధ్యలో వచ్చే పగుళ్లను తడిపి అదే మట్టితో పూడ్చాలి. కట్టె కింద రెండు ఇనుప కడ్డీలు అడ్డంగా పెడితే బూడిద కిందికి దిగి గాలి బాగా ఆడుతుందని ఆవిడ ఈమధ్యే కలిపారు, మనవడు పాత సైకిలు ఊచలు తెచ్చిచ్చాడట.